తెల్ల వెంట్రుకను చూడని వెలుగు

ఆదివారం పొద్దున మా పుంగనూరులో మటన్ అంగళ్ళ వీధిలో నడిస్తే మేక తలకాయలు, కాళ్ళు మంట మీద కాల్చే వాసన ముక్కుకు తగులుతుంది. చాలామంది కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని గబగబా దాటిపోతారు. నేను మాత్రం అక్కడికి రాగానే నడక తగ్గిస్తాను. అంగడాయన అది చూసి, "ఏమ్మా టీచరమ్మా, తలకాయ కావాల్నా?" అని ప్రతి వారమూ అడుగుతాడు. వద్దప్పా అని చెప్పి ముందుకు పోతాను. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది తలకాయ కూర కాదనీ, మదనపల్లెలో ఒక డాక్టరమ్మ గది అనీ ఆ మనిషికి ఏమని చెప్పేది? వెంట్రుక కాలితే ఎక్కడైనా ఒకటే వాసన, మేకదైనా మనిషిదైనా. నా ముఖం మీది వెంట్రుకలు కాలిన వాసన నేను పీల్చింది వసుంధరమ్మగారి గదిలోనే.

నాకు గడ్డం ఉండేది. ఈ ముక్క ఇంత తేలిగ్గా రాయగలుగుతున్నానంటే అది ఆవిడ చలవే. కాలేజీలో చేరేనాటికే చుబుకం కింద, చెంపల పక్కన, పైపెదవి మీద నల్లగా, బిరుసుగా వచ్చేశాయి. ఎండాకాలంలో కూడా చున్నీ మెడ చుట్టూ కప్పుకొని, మాట్లాడేటప్పుడు చెయ్యి గడ్డం కింద పెట్టుకొని బతికాను. స్నేహితురాళ్ళు నన్ను ఆలోచనాపరురాలు అనుకునేవాళ్ళు. వారానికోసారి మా అమ్మ నన్ను పెరటి గదిలో కూర్చోబెట్టి, తలుపు గడియ పెట్టి, దారం ఒక కొస పంటితో పట్టుకొని వెంట్రుకలన్నీ పెరికేది. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయేవి. "ఓర్చుకో, ఇంగ రోంతసేపే" అనేది. బట్టల అంగట్లో కూర్చునే మా నాయనకు కూడా ఈ సంగతి తెలియకుండా నడిపింది. ఆ పని అంత చక్కగా అమ్మ ఎక్కడ నేర్చుకుందో నేనెప్పుడూ అడగలేదు.

బీఎడ్ అయ్యాక పెద్దపంజాణి దగ్గర ఒక హైస్కూల్లో నాకు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. తొమ్మిదో తరగతి పిల్లల కళ్ళు ఎట్లాంటివో నాకు తెలుసు, నేనూ ఆ తరగతి చదివినదాన్నే కదా. బోర్డు వైపు తిరిగి ఎంతసేపని ఉంటాను? ఒకరోజు అమ్మతో చెప్పేశాను, ఈ ముఖంతో నేను పిల్లల ముందర నిలబడలేను, ఉద్యోగం వద్దని రాసిచ్చేస్తానని.  మర్నాడు అమ్మ ఎవరినో అడిగి వచ్చి, మదనపల్లెలో చర్మం డాక్టరమ్మ ఉందంట, వెలుగుతో వెంట్రుకలు తీస్తుందంట, బడి తెరిచేలోగా పోదాం పద అంది.

ఇక్కడే మా అమ్మ చేసిన ఘనకార్యం చెప్పాలి. చుట్టాలు వస్తున్నారంటే ఇల్లు కడిగి ముగ్గుపెట్టే మనిషి కదా. డాక్టరు దగ్గరికి పోయే ముందురోజు నన్ను కూర్చోబెట్టి, ఒక్క వెంట్రుక కూడా మిగలకుండా దారంతో పెరికేసి, పైన పసుపు పట్టించింది. "పెద్దామె ముందర ఆ ముఖంతో యాల పోవాల? నీటుగా పోదాం" అంది. నాకూ అదే సబబు అనిపించింది. ఇద్దరమూ పొద్దున బస్సెక్కి మదనపల్లెలో దిగాం.

టమోటా మార్కెట్టుకు పోయే దారిలో, లారీల మోత వినపడే చోట, పాత ఇంటి ముందు భాగంలో ఉండేది ఆవిడ క్లినిక్కు. వసుంధరమ్మగారు పొడగరి, అరవై దాటిన మనిషి, నూలు చీర కట్టుకొని చెప్పులు లేకుండా తిరిగేవారు. గుర్రంకొండ పక్క రైతుల ఇంట పుట్టి డాక్టరు చదివినా, మాట మాత్రం ఊరిమాటే. నా గడ్డం పట్టుకొని వెలుతురులోకి తిప్పి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత భూతద్దం బల్ల మీద పెట్టేశారు.

"ఏమ్మా, జబ్బును ఇంట్లో పెట్టి వచ్చినారే. ఇంగ నేనెవురికి వైద్యం చేసేది?" అన్నారు అమ్మతో.

అమ్మ బిత్తరపోయింది. "శుభ్రంగా ఉంటే మీకు సూసేదానికి బాగుంటాదని..."

"ఇట్ల సూడమ్మా. ఈ వెలుగు నల్ల వెంట్రుకను పట్టుకొని లోపలికి దిగతాది. దిగి వేరును కాలుస్తాది. నువ్వు వేరుతో సహా పెరికేస్తే అది దేన్ని పట్టుకొని దిగాల? ఈ పొద్దు నేను కాల్చినానంటే ఉత్త తోలు కాలతాది." అని, నా వైపు తిరిగారు. "నెల పైన ఆగి రా పాపా. ఎండలో తిరగొద్దు. ఎండకు నల్లబడిన తోలును కూడా ఈ వెలుగు వెంట్రుక అనుకుంటాది. దారం వద్దు, వ్యాక్స్ వద్దు. ఈలోపల ఓర్సుకోలేకపోతే రేజర్‌తో గీసుకో. పైన గీస్తే వేరు పోదు."

రేజర్ అన్న మాట వినగానే అమ్మకు తల కొట్టేసినట్టయింది. "ఆడబిడ్డకు రేజరా? గీస్తే ఇంకా మందంగా వస్తాదంట గదమ్మా."

"ఎవురు చెప్పినారు నీకు? నేను రోజూ గీసుకుంటాండాను. నా గడ్డం మోకాళ్ళ దాకా వచ్చిందా?"

నేను నోరెళ్ళబెట్టాను. ఆవిడ గడ్డం వైపు చూశాను. నున్నగా ఉంది. వెలుతురు పడినచోట మాత్రం చుక్కలు చుక్కలుగా తెల్లగా మెరుస్తోంది. అమ్మ చూపు తిప్పుకుంది. అప్పుడు వసుంధరమ్మగారు అమ్మ ముఖంలోకి ఒక నిమిషం చూసి, "పసుపు బాగా రాసుకుంటావే నువ్వు" అన్నారు. అంతే. అమ్మ కొంగు సర్దుకుంది. ఆ మాటలో ఏముందో నాకు అప్పుడు తెలియలేదు.

లేవబోతుంటే ఆవిడ నన్ను మళ్ళీ కూర్చోమన్నారు. "నీ ముఖం నా చేతిలో పెట్టేదానికి వచ్చినావు. ఒక్క మాటన్నా అడగలేదే నన్ను?" అన్నారు. ఏమడగాలో తెలియదన్నాను. "సంతలో టమోటా పిసికి సూసి కొంటారు గదా. ఈ మిషన్ నా రంగు తోలుకు పనికొస్తాదా అని అడుగు. కాల్చేది నువ్వేనా, ఇంకెవురికన్నా వదిలేసి పోతావా అని అడుగు. ముందు ఒక మూల సుక్కంత కాల్చి సూపిస్తావా అని అడుగు. కాలి మచ్చ పడితే నువ్వేం చేస్తావని అడుగు. పూర్తిగా పోతాదా అని అడుగు. పోతాది అని ఎవురన్నా చెప్తే, నేను చెప్పినా సరే, లేసి వచ్చేయ్." ఒక డాక్టరు తనను పరీక్షించుకొమ్మని నాకు చెప్పడం అదే మొదటిసారి, ఇప్పటిదాకా అదే ఆఖరుసారి కూడా. తర్వాత, ఇంత చిన్న వయసులో ఇంత బిరుసుగా వచ్చాయంటే దీన్ని పెంచేది ఒంట్లో ఎక్కడుందో ముందు చూడాలని రక్తపరీక్షకు, స్కానింగుకు పంపించారు. అండాశయాల్లో నీటిబుడగలు ఉన్నాయని తేలింది. దానికి మందులు వేరే డాక్టరు దగ్గర మొదలయ్యాయి.

ఇంటికి వచ్చాం గానీ వెంట్రుకలు పెరిగేదాకా ఆగడం ఎంత నరకమో చెప్పలేను. పది రోజులకే అద్దం చూడడం మానేశాను. రేజర్ కొనడానికి అమ్మ ఒప్పుకోలేదు. ఆ సమయంలోనే కుప్పంలో ఉండే మా పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళ వీధిలో కొత్తగా ఒక పార్లర్ పెట్టారు, లేజర్ అంట, వెళ్ళిన రోజే అంతా అయిపోతుంది, నొప్పి లేదు, జన్మలో మళ్ళీ రావంట అని. అమ్మ ముఖం వెలిగిపోయింది. డాక్టరమ్మ ఏవేవో అడ్డాలు పెడుతోంది గానీ అక్కడ అందరూ చేయించుకుంటున్నారు కదా అని నన్ను కుప్పం తీసుకుపోయింది.

పార్లర్ లోపల చల్లగా, సువాసనగా ఉంది. గులాబీ రంగు గోడలు. తెల్ల కోటు వేసుకున్న ఒక అమ్మాయి నన్ను చక్కని కుర్చీలో పడుకోబెట్టింది. అమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఆ అమ్మాయి మిషన్ ఆన్ చేస్తుంటే నాకు వసుంధరమ్మగారి గొంతు చెవిలో వినపడింది. ధైర్యం తెచ్చుకొని, ఇది నా రంగు చర్మానికి పనికొస్తుందా అని అడిగాను. "అందరికీ ఒకటే అక్కా, ఏం కాదు" అంది. ముందు ఒక మూల చిన్నగా చేసి చూపిస్తావా అన్నాను. "అట్లంతా యాల అక్కా, టైం వేస్టు" అంది. డాక్టరు ఎవరన్నాను. బెంగుళూరులో ఉంటారు, నెలకోసారి వస్తారు అంది. పూర్తిగా పోతుందా అన్నాను.

"గ్యారంటీ అక్కా. లైఫ్‌లో మళ్ళా రాదు."

నేను లేచి కూర్చున్నాను. అమ్మ నా భుజం పట్టుకొని, "యాల లేస్తావ్? పడుకో మే" అంది. నేను చున్నీ తీసుకొని బయటికి వచ్చేశాను. అమ్మ నన్ను బస్టాండు దాకా తిట్టుకుంటూ వచ్చింది.  బస్సు పలమనేరు దాటాక, "ఆ పిల్ల పాపం బాగానే మాట్లాడింది గదా" అంది. "బాగానే మాట్లాడింది. నేనడిగినదానికి మాత్రం చెప్పలేదు" అన్నాను. చిన్నప్పటి నుంచీ ముఖం విషయంలో ఎవరేం చేసినా కళ్ళు మూసుకొని కూర్చున్నదాన్ని. ఆ రోజు లేచి వచ్చేశానంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

చెప్పిన గడువు అయ్యాక మళ్ళీ మదనపల్లె పోయాను, ఈసారి ఒక్కదాన్నే. ముఖం నిండా వెంట్రుకలతో, చున్నీ ముక్కు దాకా కప్పుకొని. పొద్దున్నే పోవడం వల్ల క్లినిక్కులో ఇంకా ఎవరూ లేరు. వాష్‌బేసిన్ దగ్గర అద్దం ముందు వసుంధరమ్మగారు నిలబడి, గడ్డానికి సబ్బు నురగ రాసుకొని రేజర్‌తో గీసుకుంటున్నారు. వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. పాలు పోసే ఆయన క్యాన్ దించి, "అమ్మా పాలు" అన్నాడు. ఆవిడ నురగతోనే తిరిగి, "ఈడ పెట్టప్పా" అన్నారు. ఆయన పాలు పోసి పోయాడు. రోజూ చూసేదే కాబోలు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. అంతమందికి ముఖాలు బాగుచేసే డాక్టరు, ఊరందరికీ కనపడేట్టు గడ్డం గీసుకుంటోంది. గుళ్ళో దేవుణ్ణి చూసినప్పుడు కూడా నాకు ఒళ్ళు అట్లా జల్లుమనలేదు.

"రా పాపా, బాగా పెరిగిందే" అన్నారు నన్ను చూసి, పంట బాగా వచ్చిందే అన్నంత సంతోషంగా.

"మీ మిషన్ మీ దగ్గరే ఉంది కదా మేడమ్. మరి మీరు...?" అని అడిగాను.

"మిషన్ వచ్చేతలికి నా గడ్డం తెల్లబడిపోయింది. ఈ వెలుగుకు నలుపే కనపడతాది. తెల్ల వెంట్రుక దానికి లేనట్టే. సూదితో ఒగోటి కాల్చే పద్ధతి ఉండాది గానీ నాకు ఓపిక లేదు." రేజర్ కడుక్కుంటూ చెప్పారు, బస్సు తప్పిపోతే ఇంకో బస్సు ఎక్కానన్నంత మామూలుగా. "నీ వయసులో నేనూ తలుపేసుకొని పెరుక్కున్నదాన్నే. హాస్టల్లో బాత్రూంలో దూరితే బయటికి వచ్చేదాన్ని కాదు. యాడో ఒగరోజు విసుగొచ్చింది. పేషంట్లను నా ముందర తలుపు తెరువుమని చెప్తా, నేను తలుపేసుకుంటే ఎట్ల?" తర్వాత కొత్త రేజర్ ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. వెలుగు పెట్టేముందు పైన గీసేయాలట, వేరు మాత్రమే మిగలాలట. అద్దం ముందు నా పక్కనే నిలబడి, చర్మాన్ని ఎట్లా లాగి పట్టుకోవాలో, ఎటు గీయాలో చూపించారు. తలుపు తెరిచే ఉంది. వీధిలో టమోటా ట్రేల లారీ ఒకటి పోయింది. ఎవరూ మావైపు చూడలేదు.

ఆ రోజు చెవి కింద చుక్కంత మాత్రమే కాల్చి పంపించారు. వారం తర్వాత మచ్చ పడలేదని చూసుకొని, అప్పుడు మొదలుపెట్టారు. కళ్ళకు నల్లద్దాలు పెట్టారు. చల్లటి జెల్ రాశారు. చర్మం మీద రబ్బరు బ్యాండు చిటుక్కున తగిలినట్టు నొప్పి, ఆ వెంటనే కమురు వాసన. "మేక కాళ్ళు కాల్చినట్టుండాదా?" అన్నారు. నల్లద్దాల వెనక ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. మధ్యమధ్య నిలిపి, వేలితో చర్మం తడిమి చూసేవారు. మిషన్ తన చేత్తోనే పట్టారు గానీ ఇంకొకరికి ఇవ్వలేదు.

ఇంకోసారి నేను వరసలో కూర్చొని ఉండగా, పెళ్ళి దగ్గర పడిన ఒక పిల్లను తల్లీ మేనమామా తీసుకొచ్చారు. టమోటా కోతల్లో ఎండకు మాడిపోయి ఉంది ఆ పిల్ల. ఈ రోజే చేయాలని, ఎంతైనా ఇస్తామని మేనమామ బతిమాలాడు. "ఇప్పుడు చేస్తే మచ్చలతో పీటల మీద కూర్చుంటాది. పెండ్లి అయినాక రాండి" అని ఆవిడ కుర్చీలోంచి కదలలేదు. ఆయన విసురుగా లేచి, ఊళ్ళో ఇంక డాక్టర్లే లేరా అని వెళ్ళిపోయాడు. ఆవిడ లేచి గుమ్మం దాకా పోయి, ఆ పిల్లనే పిలిచి, ఇంకెక్కడైనా చేయించుకునేట్టయితే ఏమేం అడగాలో చెప్పి పంపారు. తన్ను కాదని పోయేవాళ్ళకు కూడా జాగ్రత్త చెప్పే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

బడి తెరిచేనాటికి నా ముఖం సగం దారిలోనే ఉంది. కొన్నిచోట్ల పలచబడ్డాయి, కొన్నిచోట్ల మొండిగా ఉన్నాయి. ఉద్యోగంలో చేరాలా వద్దా అని అడగడానికి పోయాను. "బడికీ గడ్డానికీ ఏం సంబంధం? పాఠం నోటితో చెప్తారు గదా" అన్నారు. చేరాను. మొదటి వారంలోనే, నేను భయపడినట్టే, మొదటి బెంచీలో కూర్చున్న ఒక ఆడపిల్ల, "మేడమ్, మీకు మీసముండాదే" అంది.  అలవాటుగా గడ్డం కిందికి పోతున్న చేతిని దించేశాను. "ఉండాది. మందు తీసుకుంటాండా. పుస్తకం తెరువు" అన్నాను. పిల్లలు పుస్తకాలు తెరిచారు. అన్నేళ్ళు నేను భయపడి చచ్చింది ఇంతమాత్రానికేనా అనిపించి, మధ్యాహ్నం బడి వెనక్కి పోయి కాసేపు ఏడ్చాను.

నా వెంట్రుకలు చాలావరకు పోయాయి. కొన్ని మళ్ళీ వచ్చాయి, వస్తాయని ఆవిడ ముందే చెప్పారు కాబట్టి నేను బెంగపడలేదు. ఏడాదికోసారి పోయేదాన్ని. కొన్నేళ్ళకు చెయ్యి వణుకుతోందని ఆవిడ మిషన్ ముట్టడం మానేశారు. క్లినిక్కు మూసేశారు. మంచం పట్టారని తెలిసి పోయిన ఏడాది చూడడానికి బయల్దేరాను. నేనూ వస్తానంది అమ్మ. నాకు ఆశ్చర్యమేసింది. ఆ మొదటి రోజు తర్వాత అమ్మ ఎప్పుడూ అక్కడికి రాలేదు.

వసుంధరమ్మగారు చిక్కిపోయి, దిండుకు ఆనుకొని ఉన్నారు. గడ్డం కింద తెల్లగా పెరిగిపోయి ఉంది. నన్ను గుర్తుపట్టి, ముఖం వెలుగులోకి తిప్పమని సైగ చేసి చూశారు. "బాగుండాది" అన్నారు. తర్వాత తన గడ్డం తడుముకొని, "ఇదో, నాది సూడు. నా చెయ్యి నిలవదు. పనిమనిషికి రేజరంటే భయం" అని నవ్వారు. నేను లేవబోయాను. అంతలో అమ్మ లేచింది. వాష్‌బేసిన్ దగ్గరికి పోయి, రేజరూ సబ్బూ మగ్గుతో నీళ్ళూ తెచ్చింది. ఆడబిడ్డకు రేజరా అన్న మా అమ్మ, మంచం అంచున కూర్చొని, ఆవిడ గడ్డం పట్టుకొని, చర్మాన్ని లాగి, మెల్లగా గీయడం మొదలుపెట్టింది.  గీయడం అయ్యాక తడిగుడ్డతో తుడిచింది. వసుంధరమ్మగారు తన గడ్డం తడుముకొని, నున్నగా ఉందని తలాడించి, వణుకుతున్న చెయ్యి ఎత్తి అమ్మ చుబుకాన్ని పట్టుకున్నారు. పసుపు ఆవిడ వేళ్ళకు అంటింది.

"మరి నీది ఎవురు చేస్తారమ్మా?" అన్నారు.

అమ్మ తల వంచుకుంది. ఆ పసుపు కింద ఏముందో, ఆ దారం పని ఎక్కడ నేర్చుకుందో, పెరటి గది గడియ నా కోసం మాత్రమే పడలేదనీ నాకు అప్పుడు అర్థమైంది. నా తల్లి పెళ్ళైనప్పటి నుంచీ ముప్పై ఏళ్ళకు పైగా, మా నాయనకు తెలియకుండా, నాకు తెలియకుండా, ఒంటరిగా పెరుక్కుంటూ బతికింది. మొదటి రోజే ఒక్క చూపులో కనిపెట్టిన మనిషి, అమ్మ తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు.

అమ్మ తలెత్తి నా వైపు చూసింది. "నా కూతురు చేస్తాది" అంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే వసుంధరమ్మగారు పోయారు. ఆవిడ నా చేతిలో పెట్టిన రేజర్ ఎప్పుడో మొద్దుబారి పోయింది, అట్లాంటివి చాలా కొన్నాను. నాకూ ఈమధ్య చుబుకం కింద ఒకటి రెండు తెల్లవి వచ్చాయి. ఏ మిషనూ వాటిని చూడదని తెలుసు. ఆవిడ మాత్రం చూసేవారు, చూసి నవ్వేవారు.

ఈ ఆదివారం కూడా మటన్ అంగళ్ళ వీధి దాటి ఇంటికి వచ్చేసరికి, అమ్మ వీధి అరుగు మీద కుర్చీ వేసుకొని కూర్చొని ఉంది. పసుపు ఇంకా రాసుకోలేదు. పక్కన మగ్గులో నీళ్ళు, సబ్బు, రేజర్. ఎదురింటి ఆమె ముగ్గేస్తూ మమ్మల్ని చూసింది. లోపలికి పోదామా అన్నాను.

"యాల? ఈడ వెలుతురు బాగుండాది" అంది అమ్మ, గడ్డం పైకెత్తి.